గ్రహాల పట్వారి

గ్రహాల పట్వారి జ్యోతిష్కుడు కాడు. దక్షిణ పుచ్చుకుని ముహూర్తం పెట్టే అయ్యగారు వేరు. ఈయన అడగకుండానే చెబుతాడు, రుసుము ఒక చాయ్. ఊరి పట్వారి పదవి 1984లో రద్దయినా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చాయ్ హోటళ్లలో ఈ పదవి చెక్కుచెదరలేదు. పన్నెండు ఇళ్లలో ఏ గ్రహం ఎవరి జాగా కబ్జా చేసిందో ఈయనకు నోటికి వచ్చు.

ఈయన లెక్కలో మనసు మనిషి సొంత పట్టా కాదు. శాస్త్రం చంద్రుణ్ణి మనఃకారకుడంటుంది. మాటనూ బుద్ధినీ బుధుడికి, తెగువనూ కోపాన్నీ కుజుడికి, దిగులును శనికి అప్పగిస్తుంది. చంద్రుడు రాశికి రెండుంపావు రోజులే ఉంటాడు కనక నెలకోసారి ప్రతివారికీ ఎనిమిదో ఇంట పడతాడు. అదే చంద్రాష్టమం. ఆ రోజుల్లో కూరలో ఉప్పెక్కువైనా, అన్నదమ్ములు కొట్టుకున్నా తీర్పు ఒకటే: "నీ తప్పేం లేదు బిడ్డా, చంద్రుడు ఎనిమిదింట్ల వడ్డడు."

ఊరిని బట్టి గ్రహం మారుతుంది. సిరిసిల్లలో మరమగ్గం ఆగితే ముందు శని. నూలు ధర, ఆర్డర్లు, కరెంటు బిల్లు ఆ తర్వాతి మాటలు. 2025 మార్చి 29న శని మీనంలో అడుగుపెట్టడంతో కుంభ, మీన, మేష రాశుల ఆసాములకు ఏలినాటి శని కింద కారణం దొరికింది. ధనుస్సుకు అర్ధాష్టమం, సింహానికి అష్టమం. మిగిలినవాళ్లకు దశలున్నాయి, ఎవరూ ఉత్త చేతులతో పోరు. జగిత్యాలలో పసుపు గురువు ద్రవ్యం: ధర పెరిగితే గురుదృష్టి, పడితే గురుమౌఢ్యం.

కోరుట్లలో రాహువుదే రాజ్యం. పన్నెండో ఇంట రాహువుంటే దుబాయ్ వీసా ఖాయం. వెళ్లాక ఇంకో చిక్కు. మంగళవారం రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర. దుబాయ్ గడియారం మనకంటే సరిగ్గా గంటన్నర వెనక. ఇక్కడ రాహుకాలం ముగిసేసరికి అక్కడ మొదలవుతుంది. పట్వారి సలహా విన్న కొడుకు రెండూ పాటిస్తే మూడు గంటలు ఇంటికి ఫోన్ చేయలేడు.

జోస్యం తప్పితే తప్పు శాస్త్రానిది కాదు, పుట్టిన టైముది. లగ్నం సుమారు రెండు గంటలకోసారి మారుతుంది. దాయి చేతిలో పుట్టినవారికి గడియారం చూసినవాళ్లే లేరు. శాంతులకు దూరం పోనక్కర్లేదు: శనికి కొండగట్టు అంజన్న, ఎటూ తేలకపోతే వేములవాడ రాజన్నకు కోడె మొక్కు. ధర్మపురిలో యముడికి గుడి ఉంది. యముడూ శనీ అన్నదమ్ములు కనక శని మీద ఫిర్యాదు అక్కడా ఇవ్వొచ్చంటాడు.

అయినా జనం వస్తారు. నక్షత్రం అడిగాక ఈయన వాళ్ల గోడు అంతా వింటాడు. ఇంట్లో ఎవరూ అంతసేపు వినరు. పైగా తప్పు ఎవరిదీ కాదని చెప్పి పంపుతాడు.

ఈ వెసులుబాటు సొంతింట్లో చెల్లదు. తన కోపం మకరంలో ఉచ్చ కుజుడిది, భార్య కోపం మాత్రం పొగరు. ఆమె జాతకం చూడలేదు, తీర్పు ఇచ్చేసింది: "గ్రహాలన్ని సక్కగనే ఉన్నయి. సక్కగ లేంది మీరే." దీనికి శాంతి ఎక్కడ చేస్తారో పట్వారి ఇంతవరకు చెప్పలేదు.