తట్టి చెప్పే మేస్త్రి

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే దారిలో ఏ రేకుల షెడ్డు ముందైనా పాత జేసీబీ ఒకటి బకెట్టు నేలకానించి అలిగి కూచుందంటే, మన మేస్త్రి ఆ చుట్టుపక్కలే ఉన్నాడని లెక్క. ఆయనకు సొంత షెడ్డు లేదు, బోర్డు లేదు. బోల్టులు విప్పేది వేరేవాళ్లు. ఆయన చెప్తాడు. చెప్పడమే ఆయన వృత్తి. ఫీజు ఒక ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. కేసు ముదిరితే బజ్జీలు నాలుగవుతాయి.

ఈ జేసీబీకి క్లచ్చి పెడలు ఉండదు. ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి ఇనుప డబ్బా ఉంటుంది. ఇంజను తిప్పే రెక్కల చక్రం నూనెను విసిరితే, ఆ నూనె వేగానికి ఎదుటి చక్రం తిరుగుతుంది. నడుమ స్టేటర్ అనే మూడో చక్రం వెనక్కొచ్చే నూనెను దారి మళ్లించి బలం పెంచుతుంది. 1905లో జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ ఓడల కోసం పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది. సముద్రం కోసం పుట్టి, చివరకు బేతంచెర్ల బండల గనుల్లోనూ మంగంపేట ముగ్గురాయి కుప్పల దగ్గరా తేలింది. బకెట్టు కుప్పలో దిగబడి చక్రాలు నిలిచిపోయినా ఇంజను ఆగదు. ఆ బలమంతా నూనెలో వేడిగా మారుతుంది. దానికి మే నెల ఎండ తోడు.

డబ్బా చుట్టూ వెల్డింగు. లోపలేముందో యజమానికి కనపడదు, మెకానిక్కుకు కనపడదు. అందుకే మేస్త్రికి గిరాకీ.

"ఏమప్పా, మట్టి నూకుతాందా?"

"నూకడంల్యా మేస్త్రీ. రోడ్డు మీదైతే బాగనే పోతాది."

"స్టేటర్ జారుతాంది. డబ్బా మార్చు."

ఇంకొకాయన వచ్చి, నూకేది బాగుందిగానీ రోడ్డెక్కితే పరుగు లేదు, కాగిపోతాందన్నాడనుకోండి. "స్టేటర్ పట్టేసింది. డబ్బా మార్చు." రెండు తీర్పులూ ఒకటే గదా అని నవ్వుకోవచ్చు. అయితే రెండూ సరైనవే. స్టేటర్ ఒక వైపే తిరగాల. రెండు వైపులా తిరిగితే బలం పోతుంది, అసలు తిరక్కపోతే వేగం పోతుంది. ఈయనతో వచ్చిన చిక్కే ఇది, మనకు ఒళ్లు మండేటంత తరచుగా నిజం చెప్తాడు.

అనుమానముంటే పరీక్ష. నూనె వేడెక్కాక, బ్రేకు గట్టిగా తొక్కి, గేరేసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఇంజను ఎంత వేగం దగ్గర నిలబడిందో చూడాల. కొన్ని సెకండ్లే, ఎక్కువసేపైతే నూనె ఉడుకుతుంది. పుస్తకంలో రాసిన దానికంటే వేగం ఎక్కువొస్తే గేరుబాక్సులో ప్లేట్లు జారుతున్నాయని, లేదా నూనె తక్కువుందని. తక్కువొస్తే ఇంజను నీరసమో, స్టేటర్ జారుడో. పిల్ల మెకానిక్కు మీటరు చూస్తాడు. మేస్త్రి కండ్లు మూసుకుని చెవి చూపిస్తాడు.

అసలు వైభవం సెకండుహ్యాండు డబ్బా కొనేటప్పుడు. వరసగా పెట్టిన డబ్బాలను సంతలో కలింగరకాయ తట్టినట్టు తడతాడు. "నంబరు చూడవా మేస్త్రీ?" అంటే ఆయనకు అవమానం. "నంబరు చూసేది చదువుకున్నోళ్లు." ఆ తర్వాత ఒంటేలుకని గోడ వెనక్కు పోతాడు. పోయేది తను కన్నేసిన డబ్బా పెట్టిన మూలకే. కిరసనాయిలు గుడ్డతో అంచు తుడిచి, ఫోను లైటు వేసి నంబరు చదువుతాడు. బయటికి ఒకే సైజున్న రెండు డబ్బాల్లో రెక్కల వాలు వేరుండొచ్చు, బలం పెంచే లెక్క వేరుండొచ్చు. తప్పుది బిగిస్తే ఇంజను ఊరికే అరుస్తుంది, లేదా లోడు మోయలేక మూలుగుతుంది. బొటనవేలి గోరుతో లోపలి పండ్లు ఒక్కొక్కటే లెక్కపెడతాడు. జేబులోని వంచిన తీగతో బోల్టు రంధ్రాల దూరం కొలుస్తాడు. అంతా అయ్యాక అదే డబ్బాను ఇవతలికి తెప్పించి అందరి ముందూ తట్టి, "ఇది పలుకుతాంది" అంటాడు.

డబ్బాలో మిగిలిన నూనెను అరచేతిలో పోసుకుని ఎండకు పట్టడం మాత్రం బాహాటంగానే చేస్తాడు. పసుప్పచ్చ రజను మెరిస్తే, "ఇంటికి తీస్కపో, నీ పెండ్లాం మెడకు పనికొస్తాది. బండికి మాత్రం వద్దు." వెల్డింగు వేసిన డబ్బాను ఎంత కడిగినా ఆ రజను మూలల్లో ఉండిపోయి కొత్త గేరుబాక్సునూ తినేస్తుంది.

బిగించేటప్పుడు అందరినీ నోరు మూసుకోమంటాడు. డబ్బాను రెండు చేతులా పట్టి, మెల్లగా తిప్పుతూ లోపలికి నెడతాడు. ఒక టక్కు, ఒక పండ్ల వరస కూచుంది. ఇంకో టక్కు, రెండోదీ కూచుంది. మూడో టక్కుకు పంపు పట్టుకోవాల. రెండింటికే తొందరపడి బోల్టులు బిగిస్తే పంపు పగులుతుంది. మూడోది వినపడినప్పుడు ఆయన మొగం చూడాల, కొడుకు పుట్టినట్టే.

తీసేసిన పాతది మీరు అడగకూడదు. "అది నీకెందుకు, ఈడ పారేయ్." లేతు మీద వెల్డింగు కోసి, బేరింగులు మార్చి, మళ్లీ అతికి, బ్యాలెన్సు చూసేవాళ్లున్నారు. అక్కడికి పోతే పుణ్యమే. కొన్ని మాత్రం నేరుగా నల్లరంగులో మునిగి "బెంగళూరు మాలు" పేరుతో తేలతాయి. మైదుకూరు యజమాని ఒకాయన, తను ఉలితో గీసుకున్న గుర్తును "బెంగళూరు మాలు" అంచు మీద కనిపెట్టి నిలదీశాడు.

మేస్త్రి బజ్జీ నమలడం ఆపలేదు. "ఊరూ పేరూ తెలీని డబ్బా కన్నా, నీ బండిలో ఏండ్లు పని చేసిన డబ్బా మేలు గాదా అప్పా?"

యజమాని కాసేపు ఆలోచించి, ఎంతకిస్తావన్నాడు.