పుట్టుపూర్వోత్తరాలు తెలియని బండి

ఈమధ్య సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నామని చెప్పడానికి వచ్చే మా వాళ్ల పిల్లలందరూ ముందు ఫోను తీసి చూపిస్తున్నారు. "ఎలా ఉంది బాబాయ్?" అంటారు. బొమ్మ బాగానే ఉంది, బండి ఎక్కడుందిరా అంటే, "ఇంకా చూడలేదు, టోకెన్ అడ్వాన్సు కట్టేశాను" అంటారు. నాలుగు లక్షల బండి! ఆ నాలుగు లక్షలు వెనకేయడానికి మొగుడూ పెళ్లాం చిట్టీలు కట్టి ఎన్ని సరదాలు చంపుకున్నారో కళ్లారా చూసినవాణ్ణి. నాకు ఒళ్లు మండదా?

మా రోజుల్లో మధ్యతరగతి ఇంటికి కారంటే సెకండ్ హ్యాండే. కొత్త ఫియట్‌కో అంబాసిడర్‌కో డబ్బు కట్టినా ఏళ్లకేళ్లు వంతు కోసం కూర్చోవాలి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కూడా బుక్ చేసినవాడికి ఎదురుచూపులు తప్పలేదు. అందుకని ఊళ్లో డాక్టరుగారి పద్మిని కారు అమ్మకానికొస్తుందని తెలిస్తే చాలు, అదే మాకు శుభవార్త. ఆ బండి సంగతి ఊరందరికీ తెలుసు. డాక్టరుగారే నడిపేవారా, డ్రైవరు చేతిలో పడిందా, ఏ కల్వర్టుకు గుద్దారు, రాత్రిళ్లు షెడ్డులో ఉండేదా, వేపచెట్టు కింద వర్షంలో తడిసేదా... కిళ్లీకొట్టు దగ్గర పావుగంట నిలబడితే అన్నీ తెలిసేవి.

నంబరు చూసినా సగం తెలిసేది. ఏపీ 16 అంటే కృష్ణా, 37 అంటే పశ్చిమ గోదావరి, 31 అంటే విశాఖ. విశాఖ బండి అనగానే మా మెకానిక్ మేస్త్రి ముందు కింద పడుకుని ఫ్లోరు చూసేవాడు, సముద్రపు గాలికి రేకు తుప్పు పట్టి ఉంటుందేమోనని. 2019 నుంచి ఆంధ్రాలో కొత్తగా రిజిస్టరైన బండ్లన్నిటికీ ఏపీ 39 సిరీసే మొదలుపెట్టారు. సౌకర్యం సంగతి సరే, కొనేవాడికి ఒక ఆచూకీ పోయింది.

ఇక మేస్త్రి. ఆయన లేకుండా బండి చూడటానికి వెళ్లేవాళ్లమే కాదు. విజయవాడ ఆటోనగర్ నుంచి తెల్లవారుజామునే బయల్దేరదీసి తీసుకెళ్లేవాళ్లం. ఎందుకంత పొద్దున్నే అంటే, ఇంజను చల్లగా ఉండాలి. గేదెను కొనేవాడు పాలు పితికి చూడకుండా పలుపు పట్టుకోడు, అలాగే చల్లటి ఇంజను స్టార్ట్ చేసి చూడకుండా బండి కొనకూడదు. వెళ్లగానే మేస్త్రి బానెట్ మీద చెయ్యి పెట్టేవాడు. వెచ్చగా తగిలితే, "మీరు ముందే స్టార్ట్ చేశారు, రేపొస్తాం" అని తిరుగుముఖం పట్టేవాడు. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి సైలెన్సరు వెనక నిలబడేవాడు. నీలం పొగ వదిలిందంటే ఇంజను ఆయిలు తాగుతోంది, బోరుకొచ్చిందేమో చూడాలి. తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంటు లోపలికి దిగుతోంది. ఆయిలు మూత తిప్పి అడుగున మీగడలాంటిది కనిపిస్తే ఇక మాట్లాడేది లేదు. తర్వాత అయస్కాంతం ముక్క తీసి బాడీ చుట్టూ ఆనించేవాడు. అది పట్టనిచోట రేకు మీద లప్పం మందంగా ఉన్నట్టే. డోరు బీడింగు లాగి వెల్డింగు చుక్కలు సమంగా ఉన్నాయో లేదో చూసేవాడు.

ఇవన్నీ ఈనాటి కారుకూ వర్తిస్తాయి. ఇంజనులో కంప్యూటరు వచ్చినంత మాత్రాన పొగ రంగు మారలేదు. పైగా స్కానరు తగిలిస్తే లోపల దాగిన తప్పులు కూడా చెబుతుంది. కానీ ఇప్పటి పిల్లలకు మేస్త్రికిచ్చే ఫీజు దండగనిపిస్తుంది. ఫోనులో బండ్లమ్మే కంపెనీవాళ్లు ఇన్ని వందల పాయింట్లు చెక్ చేశామని కాగితం ఇస్తే అదే వేదవాక్కు. అమ్మేవాడు ఇచ్చిన సర్టిఫికెట్టు కొనేవాడికి సాక్ష్యమెలా అవుతుంది?

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది, మాకు లేని సదుపాయాలు వీళ్ల జేబులోనే ఉండి వాడుకోకపోవడం. సీ బుక్కు అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి మేం ఆర్టీవో ఆఫీసు గుమ్మం ఎక్కి దిగేవాళ్లం. ఇప్పుడు ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో ఓనరు, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్సు బాకీ ఉందా, అన్నీ కనిపిస్తాయి. పెండింగు చలానాలు ఇంట్లోంచే చూసుకోవచ్చు. మీటరు వెనక్కి తిప్పేవాళ్లు మా కాలంలోనూ ఉన్నారు, కానీ సర్వీసు సెంటరులో ప్రతిసారీ రాసిన కిలోమీటర్ల రికార్డు మాకెక్కడిది? మీటరు ముప్పైవేలు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే ఒక్క క్షణం అనుమానించరా?

వరదబండ్ల బెడద ఈ కాలంలో మరీ పెరిగింది. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లెన్నో. కడిగి, ఆరబెట్టి, సెంటుకొట్టి దూరపు ఊళ్లో అమ్మితే కొన్నవాడికి తెలిసేది వైరింగు చచ్చాకే. సీటు బెల్టును చివరిదాకా లాగండి, మడతల్లో బురద చారలుంటాయి. కార్పెట్టు ఎత్తి వాసన చూడండి. సీటు కింది పట్టాలు తుప్పు పట్టాయేమో చూడండి. ఐదు నిమిషాల పని. ఢిల్లీ బండి చవకని ఎగబడేవాళ్లకూ ఒక మాట. అక్కడ డీజిలుకు పదేళ్లు, పెట్రోలుకు పదిహేనేళ్లని ఆంక్షలు వచ్చాకే అవి చవకయ్యాయి. ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టేసరికి ఆ చవక ఎంత మిగులుతుందో ముందే లెక్క వేసుకోవాలి.

ఒక విషయంలో ఈనాటి బండికి నేను చేతులెత్తి మొక్కుతాను. మా రోజుల్లో చాలా కార్లకు సీటు బెల్టులే లేవు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్, అదే ఏడాది జూలై నుంచి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. 2022 నుంచి పక్కసీటుకూ ఉండాల్సిందే. పిల్లల్ని ఎక్కించుకునే బండి కాబట్టి, ఉన్న డబ్బులో ఆ తర్వాతి మోడలు చిన్న కారు దొరుకుతుంటే అంతకుముందు నాటి పెద్ద కారు వద్దంటాను. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో వైరు పీకారేమో కనుక్కోవాలి. మా వాళ్లేమో సన్‌రూఫ్ ఉందా, స్క్రీన్ ఎన్ని అంగుళాలని అడుగుతున్నారు.

నాలుగు లక్షలుంటే మూడున్నరలో బేరం ముగించండి. టైరు పక్కన నాలుగంకెలు చదవండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు, బ్రేకు ప్యాడ్లు మార్చడానికి ఆ యాభైవేలు ఉండితీరాలి. రోజూ ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు తిరిగేవాడికి బీఎస్-6 డీజిలు ఎందుకు? పొగగొట్టంలో ఫిల్టరు మసి పట్టి మూసుకుపోతే పెట్రోలు మీద మిగుల్చుకున్నదంతా అక్కడే వదులుతుంది. తేలిగ్గా స్పేర్ పార్టులు దొరికే వేగనారో, ఐ10నో, పెట్రోలుది, ఒకే చేతి మీద తిరిగింది చూసుకోండి.

పేరు మార్పిడి దగ్గర కూడా ఇంతే తొందర, ఇంతే అశ్రద్ధ. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి బ్రోకరు చేతిలో పడేసి వస్తారు. ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలని చట్టం. పలువురి చేతులు మారిన ఒక కారు ప్రమాదం చేస్తే, రికార్డులో పేరున్న పాత ఓనరే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్సూరెన్సు కూడా పేరు మార్చుకోవాలి, లేకపోతే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. పాత ఓనరు నో క్లెయిమ్ బోనసు ఆయనతోనే పోతుంది కాబట్టి ప్రీమియం పెరుగుతుంది, దాన్నీ బేరంలో కలుపుకోండి. సీ బుక్కులో మీ పేరు పడేదాకా బాకీ మొత్తంలో కొంత చేతిలో ఉంచుకుంటానని బేరమప్పుడే చెప్పండి. ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి.