బ్రో-సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలము: “బ్రో, ఫస్ట్ టైమ్ అయితే ఓపెన్ గ్రౌండ్‌కి వెళ్లు. హోమ్ పాయింట్ లాక్ అయ్యాకే లేపు. డ్రోన్ నీవైపు తిరిగితే కంగారు పడకు. బ్యాటరీ థర్టీకి రాగానే దించెయ్. స్కై ఈజ్ యువర్స్!”

అవతారిక: రాయదుర్గం ప్రాంతమున మా గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపునందు, బి-బ్లాకు వాస్తవ్యుడొకాయన, నాలుగు నెలల డ్రోను సాధనతో ఆచార్యత్వము సిద్ధించినవాడై, ఎవరూ అడగకుండగనే పై సూత్రమును ప్రవచించెను. నలుబది మంది బొటనవ్రేలెత్తిరి. అర్థము గాకనే ఎత్తిరని తలచి ఈ టీక.

ప్రతిపదార్థము: బ్రో = ఓ సోదరా! (సంబుద్ధి. వయసు, పరిచయము, లింగము వివక్షితములు కావు.) తక్కినవి సుగమములు.

“ఓపెన్ గ్రౌండ్‌కి”: ఇది సుగమము కాదు. వెళ్లుమనుటకు గమ్యముండవలె గదా. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరచిన నాటికి చుట్టూ బండరాళ్లు, తుప్పలు, డ్రోనులు లేవు. నేడు డ్రోనులున్నవి. కంచ గచ్చిబౌలిలో మిగిలిన 400 ఎకరాల్లోనూ బుల్‌డోజర్లు దిగితే, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అది నెమళ్లూ జింకలూ ఉండే చోటు. అక్కడ డ్రోను పాఠాలు కుదరవు. మరి ఎక్కడికి వెళ్లాలి స్వామీ? మా పిల్లలు బేస్‌మెంటు పార్కింగులో క్రికెట్ ఆడుతున్నారు, బంతి స్లాబుకి తగిలితే అవుట్ అన్న నిబంధన మీద.

“బ్యాటరీ”: క్రమము తప్పి దీనికి వచ్చితిమి, క్షంతవ్యులము. ఈ భావము మూలకారునిది కాదు, కాళిదాసుది. మేఘదూతమున యక్షుడు పనిలో ఏమరుపాటుకు యజమాని ఆగ్రహమునకు గురై ఏడాది దూరమున కూర్చున్నవాడు. మన ఐటీ కారిడారులో దీనినే బెంచి అందురు. ఆ తీరికలో మేఘమునకు ముందు దారి చెప్పి, పిమ్మట సందేశము చెప్పెను. అలసినప్పుడెల్ల కొండకొమ్మున దిగుమనెను, చిక్కినప్పుడెల్ల ఏటినీరు త్రాగుమనెను. ఛార్జింగు పాయింట్లతో సహా రూట్ మ్యాప్! ఇంతటి ముందుచూపుతో ఒక్క డ్రోనైనా మా టెర్రసు మీదినుంచి లేచిన పాపాన పోలేదు. ఈ కావ్యమునకు సంజీవని వ్యాఖ్య వ్రాసిన మల్లినాథ సూరి మనవాడే, మెదక్ జిల్లా కొల్చారము. ఆధారము లేనిది వ్రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన ప్రతిజ్ఞ. నేనట్టి ప్రతిజ్ఞ చేయలేదు గనుక ఇంకొక్కటి. శాకుంతలము ఏడవ అంకమున రథము దిగుచుండగా దుష్యంతునికి భూమియే పైకి వచ్చుచున్నట్లు తోచును. ఫోను తెర చూచుచు తొలిసారి డ్రోను దించువానికి కలుగునది అచ్చముగా ఇదే. ఆ రాజు పక్కన సారథి మాతలి ఉన్నాడు. మనవాడి పక్కన ఎవరున్నారు? వీడియో తీసే బావమరిది.

ఏమి చెప్పుచుంటిని? బ్యాటరీ. ముప్పై శాతమున దించుట మంచిదే.

“హోమ్ పాయింట్”: ఉపగ్రహములు చాలినన్ని దొరకినపిమ్మట డ్రోను తాను లేచిన చోటును గుర్తుంచుకొనును. సంకేతము తెగినచో, ముందుగా పెట్టిన ఎత్తునకు లేచి తిన్నగా ఇంటికి వచ్చును. ఎత్తు ఎంతో మూలకారుడు చెప్పలేదు. ముప్పై మీటర్లు పెట్టుకొని ఇరువది అంతస్తుల టవర్ల నడుమ తిన్నగా వచ్చుటయనగా ఎవరి గోడనో గుద్దుటయే.

“నీవైపు తిరిగితే”: విరోధాభాసము. ముఖాముఖి నిలిచిన డ్రోనునకు నీ ఎడమ దాని కుడి. కంగారు పడకుమనుట ఉపదేశము కాదు; దాని తోకను మరల నీవైపు త్రిప్పుకొనుమనుట ఉపదేశము.

“స్కై ఈజ్ యువర్స్”: అర్థవాదము, విధివాక్యము కాదు. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోను నియమముల ప్రకారము పచ్చ మండలమున 400 అడుగుల వరకే స్వేచ్ఛ. నడుచుచున్న విమానాశ్రయపు ప్రహరీకి 8–12 కిలోమీటర్ల నడుమ 200 అడుగులే. ఎర్ర మండలమున కేంద్రము అనుమతి లేనిదే లేపరాదు. లేపుటకు ముందు డిజిటల్ స్కై పటమున రంగు చూచుకొనవలె. 250 గ్రాములకు మించనిది నానో. అందుకే అంగడిలో బాటా చెప్పుల ధరవలె 249 గ్రాముల డ్రోనులు.

విశేషము: ఎదుటివారి బాల్కనీలోకి చూడరాదని సూత్రములో ఎక్కడా లేదు. ఐదు వాక్యాలు రాసినాయనకు ఆరోది తట్టలేదు. పోయిన గురువారం మా అమ్మ పద్నాలుగో అంతస్తు బాల్కనీలో గుమ్మడి వడియాలు ఎండబెట్టి, కాకులకని నల్లగొడుగు తెరిచి పక్కన పెట్టింది. ఝుమ్మని వచ్చి ఎదురుగా నిలబడింది. కన్నొకటే, రెప్ప లేదు. అమ్మ చీర కొంగు సర్దుకుని “ఎవరు నాయనా?” అంది. జవాబు లేదు. గొడుగు మూసి ఒక్కటిచ్చింది.

డ్రోను మా ఇంట్లోనే ఉంది. ఒక రెక్క విరిగింది, కెమెరాకి మినప్పిండి అంటుకుంది. బి-బ్లాకు వారెవరైనా వచ్చి తీసుకెళ్లవచ్చు. లిఫ్టులో రండి, కాలింగ్ బెల్ పనిచేస్తోంది.