బానెట్ కింద మాకూ కాస్త చోటు ఇప్పించండి

మా కారు కంపెనీలో, బానెట్ కింద ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించే పెద్దలకు,

విషయం: ఎడమ హెడ్‌లైటు బల్బును చేరుకోవడానికి దారి ఇప్పించవలసిందిగా విన్నపం.

సూచిక: మీరిచ్చిన మాన్యువల్‌లో "అధీకృత డీలర్‌ను సంప్రదించండి" అన్న వాక్యం, అది ఉన్న పేజీలన్నీ.

అయ్యా,

కారు బాగుంది. ఏసీ చల్లగా వస్తుంది, మైలేజీకి వంక పెట్టలేం, వెనక సీట్లో మా అత్తగారు మోకాళ్లు నొప్పి అనకుండా విజయవాడ నుంచి అన్నవరం దాకా వచ్చేస్తారు. కొనేముందు ఇవన్నీ చూసుకున్నాం. షోరూములో బానెట్ ఎత్తి లోపల చెయ్యి దూరుతుందో లేదో చూసే కస్టమరు ఉండడు కదా. ఆ ధీమాతోనే మీరు గీత గీసినట్టున్నారు.

ఎడమ బల్బు సంగతి చెబుతాను. బల్బు వెనక రబ్బరు టోపీ. టోపీ ఎందుకు రాదయ్యా అంటే బ్యాటరీ అడ్డు. బ్యాటరీ ఎందుకు రాదంటే దాన్ని బిగించిన బ్రాకెట్టు బోల్టు అడుగున ఎక్కడో ఉంది, పొడుగు రాడ్డున్న సాకెట్టు దింపాలి. సాకెట్టు ఎందుకు దిగదంటే ఎయిర్ ఫిల్టర్ గొట్టం అడ్డం. గొట్టం ఎందుకు ఊడదంటే ప్లాస్టిక్ క్లిప్పు పట్టుకుంది. క్లిప్పు విరిగితే గానీ ఊడదు. ఏడు చేపల కథ మీ డిజైన్ ఆఫీసులో గోడకు అంటించుకున్నారా అని నా అనుమానం. ఆ కథలో చివరికి పుట్టలో వేలు పెడితే చీమ కుడుతుంది. ఇక్కడ రేకు అంచు కోస్తుంది.

ఇంత చేసి లోపలికి వెళ్తే, బల్బును పట్టి ఉంచే తీగ స్ప్రింగు కంటికి కనపడదు, వేలి కొసకు మాత్రం తగులుతుంది. దాన్ని నొక్కి, పక్కకు జరిపి, వదలాలి. మూడూ ఒకే వేలితో. పైగా హాలోజెన్ బల్బు గాజును ముట్టుకోవద్దని మాన్యువల్లో హెచ్చరిక. నిజమే, వేలి జిడ్డు అంటితే అక్కడ వేడి ఎక్కువై బల్బు త్వరగా మాడిపోతుంది. ముట్టుకోకుండా, చూడకుండా, గుడ్డితనాన బిగించడం ఎలాగో మాత్రం రాయలేదు. మా ఆవిడ ఫోను టార్చి పట్టుకుని "ఏవండీ, వెలుతురు ఎక్కడ వెయ్యమంటారు?" అంటుంది. నాకు తెలిస్తేగా! అంతా అయ్యాక బ్యాటరీ తగిలిస్తే లైటుతోపాటు గడియారం కూడా పన్నెండుకొచ్చి మినుకు మినుకుమంటుంది.

ఆయిల్ ఫిల్టర్ గురించి ఎక్కువ చెప్పను. దాన్ని సైలెన్సర్ గొట్టం పైన అడ్డంగా పెట్టిన మహానుభావుడెవరో, ఫిల్టర్ విప్పినప్పుడు ఆ గొట్టం మీద కారిన ఆయిల్ కాలి, ఇంజను స్టార్ట్ చెయ్యగానే లేచే పొగలో ఒకసారి నిలబడితే చాలు. ఏసీ ఫిల్టర్ మాత్రం డాష్‌బోర్డు అర కిందికి దించగానే చేతికొస్తుంది. అది గీసినవారికి నా నమస్కారం. ఇంకా మీ దగ్గరే ఉన్నారా?

మీ ఇబ్బందులు నాకు తెలియవని కాదు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవూ, చిన్న ఇంజనూ ఉన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. అప్పట్నుంచి ముందునుంచీ వెనకనుంచీ అంగుళాలు కోసి బండిని ఆ గీత లోపల కుదిస్తున్నారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చి పొగ శుద్ధి చేసే సరంజామా పెరిగింది. పాత అంబాసిడర్‌లా మెకానిక్ నడుం దాకా లోపలికి వంగేంత చోటు ఇమ్మని నేనడగను. ఆ చోటు అవసరం ఆ బండికి తరచూ పడేది కూడా. కానీ అదే నాలుగు మీటర్ల లోపల కుడి పక్క బల్బుకు నా చెయ్యి హాయిగా దూరుతోందే! కాబట్టి సుంకం మీద నెట్టకండి. ఫ్యాక్టరీలో లైటు ముందు పెడతారు, బ్యాటరీ ఆ తర్వాత. పెట్టేవాడికి అంతా ఖాళీయే. తీసేవాడు ఆ వరస వెనకనుంచి రావాలి. వాడి తరఫున మీ మీటింగులో ఎవరూ కూర్చోలేదు.

ఒక బల్బుకు ఇంత రభసా అంటారేమో. మన రోడ్ల మీద డిమ్ లైటు కాంతి ఎడమవైపే కాస్త పైకి, దూరంగా పడేలా అమరుస్తారు. సైకిలు వాళ్లు, నడిచేవాళ్లు, గేదెలు ఉండేది ఆ వారనే. బల్బు మార్చడం ఇంత తతంగమైతే జనం "వచ్చే సర్వీసులో చూద్దాంలే" అని ఒంటికన్నుతో తిరుగుతారు. మా సెల్లారులోనే అలాంటి బండ్లున్నాయి.

చట్టం మా వైపు కొంత ఉంది. విడిభాగాలనూ, లోపం కనిపెట్టే పరికరాలనూ బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. అందులో కార్లూ ఉన్నాయి. సంతోషం. అయితే నా బల్బును నాకు అందకుండా ఎవరూ దాచలేదు. ఆటోనగర్లో ఏ కొట్టులోనైనా దొరుకుతుంది. పానాలున్నాయి, మాన్యువల్ ఉంది. లేనిది చెయ్యి పట్టేంత సందు. దాన్ని ఏ పోర్టల్లో అప్‌లోడ్ చేస్తారు?

కనుక నా కోరికలు చిన్నవి. కొత్త మోడల్ డ్రాయింగు మీద సంతకం పెట్టేముందు, సాయంత్రం చీకటి పడ్డాక, ఏదో ఒక అపార్ట్‌మెంటు సెల్లారుకు మీరే రండి. సన్న చేతుల ట్రెయినీని పంపకండి. ఉంగరం, వాచీ తీసేసి రండి. బ్యాటరీ టెర్మినల్‌కు తగిలితే ప్రమాదం. ఇంట్లో ఉండే పానాలతో బల్బు మార్చి చూపించండి. వాచ్‌మన్ నుంచి పై ఫ్లాటు రిటైర్డ్ హెడ్మాస్టారు దాకా సలహాలు ఉచితంగా ఇస్తారు. ఎన్ని నిమిషాలు పట్టిందో బ్రోచర్లో మైలేజీ పక్కన అచ్చు వెయ్యండి. గుద్దితే బండి ఎంత భద్రమో చెప్పడానికి 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలున్నాయి. బల్బు నిమిషాలకు ఒక్క చుక్క పెట్టినా చాలు.

ఇట్లు,
ఎడమ చెయ్యి గీసుకుపోయిన ఒక కస్టమరు

జతపరచినవి: విరిగిన క్లిప్పులు, ఒక కవరు.

తా.క.: సర్వీసు గడువు దాటిందంటూ మీ సర్వీస్ సెంటర్ కుర్రాడు ఫోను చేశాడు. ఎడమ బల్బు మీరెలా మారుస్తారు బాబూ అని అడిగాను. గొంతు తగ్గించి, "మాకూ అక్కడ చెయ్యి పట్టదు సార్, బంపరు విప్పేస్తాం" అన్నాడు. ఈ విన్నపం అతని తరఫున కూడా అని గమనించగలరు.