తెగిన ఉంగరం

నా బరువు అరకాసు, నడుమ ఒక కెంపు. నన్ను చేసిన కంసాలి తరుగు కింద ఎంత నొక్కేశాడో నాకు తెలుసు గానీ, పోయినవాడి మీద చాడీలెందుకు.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డు పల్లె మాది. అమ్మమ్మ వేలికి ఎక్కాను. ఆ చేత్తోనే ఆవిడ చుట్ట ముట్టించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకునేది. అడ్డపొగ అంటారు మా వైపు. నలభై దాటాక తెల్లారేసరికి ఆ వేలు నాలో బిర్రుగా ఇరుక్కునేది, మధ్యాహ్నానికి సడలేది. జబ్బుని మొదట పసిగట్టింది నేనే. నన్నెవరడిగారు? వాతమన్నారు, నూనె రాశారు. కణుపులు ఉబ్బాయి, వేళ్ళన్నీ చిటికెన వేలి వైపు ఒరిగిపోయాయి. ఒక వేకువన గుండె ఆగి పోయింది మహాతల్లి. కీళ్ళకీ గుండెకీ ముడిపెట్టాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఏడుస్తూనే నా చుట్టూ సబ్బు రాసి లాగారు.

కూతురికి నేనొక్కదాన్నే దక్కాననుకున్నారు. ఆవిడ కణుపులూ ఉబ్బాక, విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని వివరంగా చెబుతుంటే నేనూ విన్నాను. ఆరో క్రోమోజోము మీద హెచ్‌ఎల్‌ఏ-డిఆర్‌బి1 అని ఒక జన్యువు ఉందట. ఎవరు మనవాళ్ళు, ఎవరు పరాయివాళ్ళు అన్నది ఒంటి కాపలా కణాలకు చూపించడంలో దానికి పాత్ర ఉంది. దాని కొన్ని రకాల్లో 70 నుంచి 74 దాకా అమైనో ఆమ్లాల వరుస ఇంచుమించు ఒకటేనని 1987లో పట్టుకున్నారు. అది ఉన్నవాళ్ళలో కాపలా కణాలు సొంత ఇంటి మీదే, అంటే కీళ్ళ మీదే, తిరగబడే ప్రమాదం ఎక్కువ. పొగాకు తోడైతే మరీను. అలాగని ఆ జన్యువు ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికీ వచ్చేది 100 జంటల్లో సుమారు 15కే.

అసలు మాట ఆ తర్వాత అంది. ఈ కీళ్ళ జబ్బున్నవాళ్ళలో గుండెజబ్బు చావులు మిగతావాళ్ళకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు. కీలుని తినే వాపే రక్తనాళాల గోడలనీ తింటుంది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఆ వరుస అందుకున్నవాళ్ళలో ఇంకా ఎక్కువని కొన్ని పరిశీలనల్లో తేలింది. పైగా వాపు ముదిరినప్పుడు రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గి కనిపిస్తుంది. ఆవిడ మొగుడు ఆ తక్కువ అంకె చూసి వీధంతా చెప్పుకున్నాడు కూడా!

డాక్టరమ్మ మెథోట్రెక్సేట్ రాసింది, వారానికొక్కసారే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలను నడిపించిన రోజుల్లో, క్యాన్సరుకని పుట్టిన మందు అది. వాపుని అణిచి గుండెకీ కొంత కాపు కాస్తుంది. ఈవిడ ఆర్నెల్లు వేసుకుంది. నన్ను తిప్పుకుంటూ పప్పు రుబ్బే రోజులు మళ్ళీ వచ్చాయి. నొప్పి పోయింది కదా అని మానేసింది! నొప్పి తిరిగొచ్చాక మందులషాపు అబ్బాయి ఇచ్చిన బిళ్ళలు మింగింది. నొప్పి బిళ్ళలు గుండెకి చేటని ఆ అబ్బాయీ చెప్పలేదు, ఈవిడా అడగలేదు.

ఒక రాత్రి వేలు నీలంగా వాచింది. సబ్బు, నూనె, దారం, ఏవీ పనిచెయ్యలేదు. ఆస్పత్రిలో నర్సు చర్మానికీ నాకూ మధ్య చిన్న రేకు దూర్చి, పళ్ళచక్రంతో కోసింది. యాభై ఏళ్ళు కెంపు రాలకుండా కాపాడుకున్నదాన్ని, అర నిమిషంలో రెండు కొసలయ్యాను. అక్కడే ఆవిడ గుండెకి ఈసీజీ తీశారు, బీపీ చూశారు, వారంలో మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు. నన్ను ఆ ఈసీజీ కాగితంలోనే పొట్లం కట్టి బీరువాలో పడేశారు. బంగారం రేటు పెరిగినప్పుడల్లా నా పేరు వినపడుతుంది. కాగితం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

మొన్న ఆవిడ కూతురు పొట్లం విప్పింది. గీతలు వెలిసిపోయి కాగితం తెల్లగా ఉంది. ఉండచుట్టి పారేసింది. నా కొసలు దగ్గరికి నొక్కి వేలికి పెట్టుకుంది. వదులుగానే ఉన్నాను.

కానీ అప్పుడు టైము మధ్యాహ్నం రెండు. పొద్దున్నే పెట్టుకుని చూడమ్మా అని దానికి నేనెలా చెప్పను?