ఒక్క ‘నో’ కొట్టి ఉంటే

నేను క్యాటలిస్ట్ 2960ని, 24 పోర్టుల నెట్‌వర్క్ స్విచ్‌ని. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెట్ల కింద ర్యాక్‌లో దుమ్ము మింగుతూ ఏళ్ళ తరబడి పనిచేశాను. ఏ మ్యాక్ అడ్రస్ ఏ పోర్టులో ఉందో తడుముకోకుండా చెప్పేదాన్ని. ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాల్సింది హాస్టల్‌కి వెళ్ళిందన్న మాట ఏనాడూ రాలేదు.

నాలోకి రావాలంటే పేరూ పాస్‌వర్డూ కావాలి. ఆ పేర్లు నా కాన్ఫిగరేషన్‌లోనే ఉంటాయి, అందుకే లోకల్ యూజర్లంటారు. లెవెల్ 1 ఉన్నవాళ్ళు కాస్త చూడగలరు, అంతే. లెవెల్ 15 ఉంటే నన్ను ఏమైనా చేయొచ్చు. మా కాలేజీలో అందరికీ 15 ఇచ్చారు. ల్యాబ్ అసిస్టెంటుకీ అంతే, కేబుళ్ళు లాగడానికొచ్చిన కాంట్రాక్టరు కుర్రాడికీ అంతే!

కుర్రాడు పని ముగించుకుని పోయాడు. పేరు మాత్రం నాలో ఉండిపోయింది. తీసేయడమెంత పని? యూజర్‌నేమ్ లైను ముందు ‘నో’ చేర్చి ఎంటర్ కొట్టడమే. కొత్తగా చేరిన సిస్టమ్ అడ్మిన్ గారు ఆ పని చేశారు కూడా. పొంగిపోయాను. తీరా చూస్తే ‘రైట్ మెమరీ’ కొట్టకుండానే కన్సోల్ కేబుల్ పీకేసి టీకి వెళ్ళిపోయారు. చేసిన మార్పు నా ర్యామ్‌లో ఉంటుంది, సేవ్ చేస్తేనే ఫ్లాష్‌లోకి ఎక్కుతుంది. ఆ రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మళ్ళీ లేచేసరికి కుర్రాడు తన లెవెల్ 15తో సహా హాజరు. తీసేశాననే ధీమాతోనే అడ్మిన్ గారు రిటైరయ్యారు.

పాస్‌వర్డులైనా సరిగ్గా దాచారా అంటే అదీ లేదు. ‘సీక్రెట్’ అని కొట్టి ఉంటే ఎండీ5 హ్యాష్‌గా మార్చి పెట్టుకునేదాన్ని. (టైప్ 9 వాడే ఈ కాలపు స్విచ్‌లకు అదీ నవ్వులాటే, వేరే సంగతి.) వీళ్ళు ‘పాస్‌వర్డ్’ అని కొట్టారు. ‘షో రన్’ అంటే చాలు, ఉన్నదున్నట్టు కనబడేది. ఎవరో కంగారుపడి ‘సర్వీస్ పాస్‌వర్డ్-ఎన్‌క్రిప్షన్’ పెట్టారు. అర్థంకాని అంకెలు కనబడగానే హమ్మయ్య అనుకున్నారు. అది టైప్ 7. దాన్ని విప్పి చూపించే సైట్లు బోలెడు.

గిగాబిట్ స్విచ్ వచ్చింది. నా కాన్ఫిగరేషన్‌ని, ఆ కుర్రాడితో సహా, కాపీ చేసి దాన్లో పేస్ట్ చేశారు. నన్ను స్టోర్‌రూమ్‌లో విరిగిన కుర్చీల మధ్య పడేశారు. పోనీ, నాలో ఉన్నది చెరిపి పడేయాలనైనా తోచలేదు. ఎన్ని సెమిస్టర్లు పోయాయో, చివరికి కిలోల లెక్కన తూచి అమ్మారు. ఇన్నాళ్ళు మోసిన ట్రాఫిక్‌కి విలువ లేదు, రేకు బరువుకే విలువ!

అలా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ కొట్టుకి చేరాను. కొట్టతనికి నా పాస్‌వర్డ్ తెలియదు, అక్కర్లేదు కూడా. మోడ్ బటన్ నొక్కిపట్టి పవర్ ఇచ్చాడు, ఫ్లాష్‌లోని కాన్ఫిగ్ ఫైలు పేరు మార్చి బూట్ చేశాడు. మనిషి చెయ్యి నా మీద పడ్డాక పాస్‌వర్డ్ ఏం చేస్తుంది? ఆ ఫైలు తెరిచి టైప్ 7 విప్పి చూశాడు. కాలేజీ పేరు, పక్కన 123. పకపకా నవ్వాడు. కొత్త స్విచ్‌కీ అదే పాస్‌వర్డని అతనికి తెలియదు కాబట్టి సరిపోయింది.

ఫైలు చెరిపి నన్నొక చిన్న ఆఫీసుకి అమ్మాడు. నెట్‌వర్క్‌ని భాగాలుగా విడగొట్టే వీలాన్‌ల పేర్లు వేరే ఫైల్లో ఉంటాయి, దాని జోలికి పోలేదు. ఇక్కడెవరైనా ‘షో వీలాన్’ కొడితే ‘ప్రిన్సిపాల్’, ‘బాయ్స్ హాస్టల్’ అని చెబుతున్నాను. వాళ్ళు అయోమయంగా చూస్తారు. అడిగాక చెప్పకుండా ఎలా ఉంటాను?