ఫ్యాషన్ పత్రికలకు రెండు వీరతాళ్లు

ఫ్యాషన్ పత్రికలు డబ్బున్నవాళ్ల కాలక్షేపమనీ, వాటి కంటికి పేదవాడు ఆననే ఆనడనీ ఆడిపోసుకునే వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఆనకపోవడమేమిటి? 2008 ఆగస్టు ‘వోగ్ ఇండియా’ తీసి చూడండి. 16 పేజీల ఫోటోల్లో సామాన్యులదే రాజ్యం. పై పళ్లు ఊడిన ఒక ముసలమ్మ చంకలో పసిబిడ్డ, ఆ బిడ్డ మెడలో చొంగ కారకుండా కట్టిన ఫెండి వారి గుడ్డ. ఖరీదు సుమారు 100 డాలర్లు. కాళ్లకు చెప్పుల్లేని ఒక పెద్దాయన చేతిలో బర్బరీ వారి గొడుగు, 200 డాలర్లు. మోటారుసైకిలు మీద ముగ్గురు మనుషుల సంసారం. వెనక ఒక పక్కకు కాళ్లు వేసుకుని కూచున్న ఇల్లాలి మణికట్టుకు ఎర్మెస్ వారి బిర్కిన్ సంచి. అది 10,000 డాలర్ల పైమాటే.

ఏ సర్కారు చేసింది ఇంతటి సంక్షేమం? ఆ ఏడాదే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెల్లకార్డు వాళ్లకు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చి, ఊరూరా ఫ్లెక్సీలు కట్టి చాటుకున్నారు. పదివేల డాలర్ల సంచిని పేదింటి ఆడపడుచు చేతికి తగిలించిన సంపాదకురాలికి మాత్రం ఎవరూ పాలాభిషేకం చేయలేదు. సరిగ్గా అదే నెలలో, ఈ దేశంలో రోజుకు 1.25 డాలర్ల లోపు మీద బతుకుతున్నవాళ్లు 45.6 కోట్ల మంది అని ప్రపంచ బ్యాంకు లెక్క తేల్చింది. ఆ గీత మీదున్న మనిషి తినకుండా, తాగకుండా, జబ్బు పడకుండా ప్రతి పైసా దాచుకున్నా ఆ సంచి కొనడానికి కనీసం 22 ఏళ్లు పడుతుంది. పత్రికవారు ఆ 22 ఏళ్లనూ ఒక్క క్లిక్కులో దాటించేశారు. ఫోటో తీసినంతసేపూ సంచి ఆమె చేతికే ఉంది కదా, ఇంకేం కావాలి?

ఆ బొమ్మల కింది రాతలు మరీ ముచ్చటైనవి. గుడ్డకు కంపెనీ పేరుంది, గొడుగుకు ఉంది, సంచికి ఉంది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ‘స్త్రీ’, ‘పురుషుడు’, అంతే. గడప తొక్కిన ప్రతివాడూ పేరేమిటి, ఊరేమిటి, మీరేమిట్లు అని కూపీ లాగే దేశంలో ఇంత మర్యాద ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? ముసలమ్మ పేరు అచ్చేస్తే రేపు ఎవరైనా ఆమె గుమ్మంలోకి వెళ్లి, ఆ గుడ్డ నీ దగ్గరే ఉందా అని అడగొచ్చు. గొడుగుకు అలాంటి ప్రమాదం లేదు. అందుకే దాని పూర్తి పేరు వేశారు.

రైతులు ఆత్మహత్యలు చేసుకుంటున్న దేశంలో ఇదేమి వేడుక అని ఒక పాత్రికేయురాలు నిలదీసింది. మనకైతే వరంగల్ పత్తి చేలు గుర్తొస్తాయి, ఆ పత్తే రేపు బట్టవుతుందనీ గుర్తొస్తుంది. సంపాదకులకు ఇలాంటి బరువులు ఉండకూడదు. ‘న్యూయార్క్ టైమ్స్’ వారు అడిగినప్పుడు ‘వోగ్ ఇండియా’ సంపాదకురాలు ప్రియా తన్నా, కాస్త తేలిగ్గా తీసుకోమని సలహా ఇచ్చారు. ఫ్యాషన్ ఇక డబ్బున్నవాడి సొత్తు కాదని, ఎవరైనా దాన్ని ధరించి అందంగా కనిపించవచ్చని సెలవిచ్చారు. నూటికి నూరుపాళ్లు నిజం. ధరించడం గురించే ఆవిడ చెప్పారు, కొనడం ఊసెత్తలేదు. అబద్ధమాడని సంపాదకులు అరుదు.

ఇదేదో మన దేశంలో పుట్టిన ఔదార్యం అనుకునేరు. దీని వెనక పెద్ద వంశమే ఉంది. 1936లో, అమెరికా ఇంకా మహామాంద్యం నుంచి తేరుకోని రోజుల్లో, ‘హార్పర్స్ బజార్’లో డయానా వ్రీలండ్ పాఠకులకు చిట్కాలు చెబుతూ ఒక శీర్షిక మొదలుపెట్టింది. మిగిలిపోయి పొంగు చచ్చిన షాంపేన్‌తో మీ బంగారు జుట్టు బిడ్డ తల కడగకూడదా అన్నది అందులో పేరుపడ్డ చిట్కా. పారబోసేదాన్ని వాడుకోమనడం కంటే పొదుపు పాఠం ఏముంటుంది? మన అమ్మమ్మలు అప్పటికింకా కుంకుడుకాయలు కొట్టుకుంటున్నారు, పాపం చెప్పేవాళ్లు లేక.

రిచర్డ్ అవెడాన్ 1955లో పారిస్ సర్కస్‌లో తీసిన ఫోటో ముందు మాత్రం నా నోరు పెగలదు. డియోర్ వారి నల్లటి గౌనులో డొవిమా అనే మోడల్ ఏనుగుల మధ్య చేతులు చాచి నిలబడి ఉంటుంది. అంత బరువు పక్కన అంత సన్నటి నడుము పెట్టిన కన్ను మామూలు కన్ను కాదు. 2010లో దాని ప్రతి ఒకటి వేలంలో 8,41,000 యూరోలు పలికింది. గౌను ఎవరిదో లోకానికి తెలుసు. దాన్ని గీసిన కుర్రవాడు ఇవ్ సాన్ లొరాన్ అనీ తెలుసు. ఏనుగుల కాళ్లకు గొలుసులున్నాయి, పేర్లు లేవు. సంప్రదాయం అప్పటికే స్థిరపడిందన్నమాట.

విపత్తులకు కూడా ఈ పత్రికలు ఎంత గౌరవం ఇస్తాయో చూడాలంటే ఇటలీ వెళ్లాలి. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో బీపీ కంపెనీ చమురు బావి పేలి 11 మంది కార్మికులు చనిపోయారు. నెలల తరబడి నూనె సముద్రంలోకి పారింది. పక్షులు రెక్కలు విప్పలేక ఒడ్డున పడి చచ్చాయి. ఆగస్టుకల్లా ‘వోగ్ ఇటాలియా’లో స్టీవెన్ మైసెల్ ఫోటోలు వచ్చాయి. బండల మీద నూనెలో తడిసిన పక్షిలా పడి ఉన్న మోడల్, ఒంటి మీద నల్లటి ఈకల దుస్తులు. సంపాదకురాలు ఫ్రాంకా సొజ్జానీకి దమ్ము లేదని ఎవరూ అనలేరు. 2008 జులైలో నల్లజాతి మోడళ్లతోనే ఒక సంచిక నింపి, చాలక మళ్లీ అచ్చువేయించిన మనిషి. అయితే పక్షి చావును ఈకల దుస్తులతో చూపించాలంటే దమ్మొక్కటే చాలదు. చలికాలపు దుస్తులు అమ్మే వేళకు సరిగ్గా అందిన దుఃఖం అది.

సమయపాలన మాటొచ్చింది కనుక అమెరికన్ ‘వోగ్’ను మరిస్తే పాపం. 2011 మార్చి సంచికలో సిరియా అధ్యక్షుడి భార్యను ఎడారిలో గులాబీ అని కీర్తిస్తూ వ్యాసం వేశారు. ఆ మార్చిలోనే అక్కడ జనం తిరగబడ్డారు, అధ్యక్షుడి సైన్యం తుపాకులు పేల్చింది. మామూలు పత్రికైతే సంజాయిషీ రాసి, సంపాదకీయం రాసి నానా యాతన పడేది. వీళ్లు కొన్ని వారాలకు వెబ్‌సైటులోంచి ఆ వ్యాసాన్నే ఎత్తేశారు. అంట్లు తోమినట్టు తోమేశారు, మరక లేదు.

ఓర్పులోనూ వీళ్లకు సాటి లేదు. 1892లో పుట్టిన ఆ పత్రిక ముఖచిత్రాన్ని ఒక నల్లజాతి ఫోటోగ్రాఫర్ తీసింది 2018 సెప్టెంబరులో. మంచివాడు దొరికేదాకా 126 ఏళ్లు కాచుకున్నారు, తొందరపడలేదు.

పాఠకుల మీద ప్రేమకైతే కొలతలే చెబుతాను. అమెరికన్ ‘వోగ్’ 2007 సెప్టెంబరు సంచిక 840 పేజీలు. అందులో 727 పేజీలు ప్రకటనలే. మిగతా 113 పేజీల్లోనే మనకు అక్షరం, అభిప్రాయం, ఆత్మ అన్నీ సర్దిపెట్టారు. ఆ సంచిక తయారీ మీద ఏకంగా ఒక డాక్యుమెంటరీ సినిమానే వచ్చింది. అందులో అప్పటి సంపాదకురాలు అన్నా వింటూర్ ఒక్క చూపుతో ఫోటోలు పక్కన పడేస్తుంటే నాకు ముచ్చటేసింది. 727 పేజీల జోలికి వెళ్లడానికి వీల్లేని మనిషికి మిగతా చోటైనా అధికారం ఉండాలి కదా.

2012లో ‘వోగ్’ సంచికల సంపాదకులు 19 మంది కలిసి ఒక మాట అనుకున్నారు. 16 ఏళ్లు నిండని పిల్లలను, తిండి సరిగా తినని రోగమున్నట్టు కనిపించేవాళ్లను మోడళ్లుగా తీసుకోబోమన్నారు. ఆ ఒట్టు 2025 ఆగస్టులో పరిపూర్ణంగా నెరవేరింది. అమెరికన్ ‘వోగ్’లో వచ్చిన గెస్ కంపెనీ ప్రకటనలోని పసిడి జుట్టు సుందరిని కృత్రిమ మేధతో తయారు చేశారు. ఆమెకు వయసే లేదు, తిండి అసలే అక్కర్లేదు. కూలి అడగదు, ముసలిదీ కాదు. ఆ సంగతి పేజీలో ఒక మూల చిన్న అక్షరాల్లో వేశారు కూడా. అది ప్రకటనే తప్ప తమ సొంత పేజీ కాదని పత్రికవారన్నారు. ఔను మరి, ఆ 727 పేజీలతోనూ వాళ్లకేం సంబంధం?

ఈసారి పార్లర్‌లోనో విమానాశ్రయంలోనో అలాంటి పత్రిక చేతికి తగిలితే బొమ్మల కింది రాతలు ఓపిగ్గా చదవండి. చెప్పుల కంపెనీ, సంచి ధర, లిప్‌స్టిక్ రంగు అన్నీ దొరుకుతాయి. వెనకాల రిక్షా తొక్కుతున్నవాడి పేరు, మగ్గం ముందు కూర్చోబెట్టిన నేతగాడి పేరు కనిపిస్తే మాత్రం వెంటనే సంపాదకులకు ఒక ఉత్తరం రాయండి. పొరపాటున పడి ఉంటుంది, పై నెలలో సవరణ వేసుకుంటారు.